మత్తుమందు కారణంగా సైన్యం నుంచి పంపేశారు: ఆ డిశ్చార్జి కాగితాన్ని మార్పించుకోవచ్చా?

డిశ్చార్జి అనే మాట మన ఆసుపత్రిలో మంచి మాట. జబ్బు తగ్గింది, బిల్లు కట్టి ఇంటికి వెళ్లవచ్చు అని దాని అర్థం. ఆ రోజు చేతికిచ్చే డిశ్చార్జి సమ్మరీని భద్రంగా దాచుకోమని ప్రతి రోగికీ చెబుతుంటాం. రేపు వేరే ఊళ్లో వేరే డాక్టరు దగ్గరకు వెళ్తే, మన తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

అమెరికా సైన్యంలో పనిచేసి బయటికి వచ్చేవారికి కూడా ఇలాంటి కాగితం ఒకటి ఇస్తారు. దాని పేరు డీడీ ఫారం 214. ఎన్నాళ్లు పనిచేశారు, ఎక్కడ పనిచేశారు, ఏ పతకాలు వచ్చాయి అన్నవన్నీ అందులో ఉంటాయి. వాటితోపాటు ఆ మనిషి నడవడి మీద ఒక తీర్పు కూడా ఉంటుంది. మత్తుమందు వాడినందుకు పంపేస్తే ఆ సంగతి కూడా రాసి ఉంటుంది. ఉద్యోగం ఇచ్చేవారు, చదువుకు సహాయం చేసేవారు, చివరికి వైద్యం చేసే ఆసుపత్రివారు కూడా ముందు ఆ కాగితాన్నే అడుగుతారు.

ఎక్కడో అమెరికాలోని సంగతి మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. ఆ దేశంలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లల్లో కొందరు అక్కడి సైన్యంలో చేరుతున్నారు. అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రుల్లో మన డాక్టర్లు, నర్సులు పనిచేస్తున్నారు. ఇవి కాక మరో కారణం కూడా ఉంది. మత్తుమందు అలవాటు జబ్బా, తప్పా అని మన వార్డులో బంధువులు రోజూ అడుగుతూనే ఉంటారు. ఒక పెద్ద సైన్యం ఇదే ప్రశ్నతో యాభై ఏళ్లకు పైగా కుస్తీ పడుతోంది. దాని జవాబు ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవడం మనకూ ఉపయోగమే.

కాగితం మీద ఏముంటుంది?

డీడీ 214లో 24వ గడిలో డిశ్చార్జి రకం రాస్తారు. 28వ గడిలో పంపేసిన కారణం మాటల్లో ఉంటుంది. మత్తుమందు కేసుల్లో అక్కడ ‘దుష్ప్రవర్తన, మాదకద్రవ్యాల వాడకం’ అన్న అర్థం వచ్చే మాటలు కనిపిస్తాయి. 26, 27 గడుల్లో సంకేతాలుంటాయి. మళ్లీ సైన్యంలో చేర్చుకోవచ్చా లేదా అన్నది వాటిలో ఒకటి చెబుతుంది. ఈ కాగితానికి పొట్టి ప్రతి, పొడుగు ప్రతి అని రెండు ఉంటాయి. పొట్టి ప్రతిలో ఈ వివరాలు ఉండవు గాని, ఉద్యోగం ఇచ్చేవారు సాధారణంగా పొడుగుదే అడుగుతారు. 1974 వరకైతే కారణాన్ని అంకెల సంకేతంగా వేసేవారు. అదేమిటో సైనికుడికి తెలిసేది కాదు, ఉద్యోగమిచ్చే కంపెనీలకు మాత్రం తెలిసేది.

డిశ్చార్జిలు ముఖ్యంగా ఐదు రకాలు. మొదటిది ఆనరబుల్, అంటే పూర్తి గౌరవంతో పంపడం. రెండోది జనరల్. ఇదీ గౌరవప్రదమైన పరిస్థితుల్లో ఇచ్చినదే అంటారు గాని, మొదటిదానికి ఒక మెట్టు తక్కువ. మూడోది అదర్ దేన్ ఆనరబుల్, అంటే గౌరవప్రదం కానిది. వియత్నాం యుద్ధం రోజుల్లో దాదాపు ఇలాంటిదాన్నే అన్‌డిజైరబుల్ అనేవారు, అంటే అక్కర్లేని మనిషి అని. ఈ మూడూ కోర్టు లేకుండా అధికారులు ఇచ్చేవి. బ్యాడ్ కాండక్ట్, డిజానరబుల్ అనే మిగిలిన రెండూ సైనిక న్యాయస్థానం శిక్షగా విధించేవి.

మూత్ర పరీక్షలో మత్తుమందు బయటపడినవారిలో ఎక్కువమంది కోర్టు దాకా వెళ్లరు. రాజీగా వెళ్లిపొమ్మంటారు. ఆరేళ్లకు మించి సేవ ఉన్నా, అదర్ దేన్ ఆనరబుల్ ఇవ్వాలనుకున్నా సైనికుడు తన వాదన వినిపించడానికి విచారణ కోరవచ్చు. కానీ ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రవాడు, ఇంటికి పోతే చాలనుకునే స్థితిలో ఆ హక్కును వదులుకుంటూ సంతకం పెట్టేస్తాడు. ఆ సంతకం విలువ ఎంతో అతనికి పదేళ్ల తర్వాత తెలుస్తుంది.

ఏ తలుపు మూసుకుంటుంది?

ఆనరబుల్ డిశ్చార్జి ఉంటే అన్ని సౌకర్యాలూ వస్తాయి. జనరల్ అయితే మాజీ సైనికుల శాఖవారి వైద్యం, అంగవైకల్య భత్యం వస్తాయి గాని, జీఐ బిల్లు కింద కాలేజీ చదువుకు వచ్చే సొమ్ము రాదు. అసలు చిక్కు అదర్ దేన్ ఆనరబుల్‌తో. అది ఉన్నవారి విషయంలో ఆ శాఖవారు ఒక్కొక్కరి ఫైలూ తెరిచి అర్హులా కాదా అని విడిగా తేలుస్తారు. గతంలో చాలామందిని కౌంటరు దగ్గరే, దరఖాస్తు కూడా తీసుకోకుండా వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. 

వైద్య దృష్టితో చూస్తే ఇక్కడే బాధ కలుగుతుంది. వ్యసనం ఉన్నవాడికి అందరికన్నా ఎక్కువ కావలసింది చికిత్స. ఆ వ్యసనమే కారణంగా ఇచ్చిన కాగితం అతన్ని చికిత్సకు దూరం చేస్తోంది. షుగరు రోగి మిఠాయి తిన్నాడని ఇన్సులిన్ ఆపేసే ఆసుపత్రిని ఎక్కడైనా చూశామా?

విదేశాల నుంచి వెళ్లి సైన్యంలో చేరినవారికి ఇంకో భయం కూడా ఉంది. సైనిక సేవ ఆధారంగా పౌరసత్వం పొందిన వ్యక్తి, ఐదేళ్ల గౌరవప్రదమైన సేవ పూర్తి కాకుండానే అదర్ దేన్ ఆనరబుల్‌తో బయటికి వస్తే, ఆ పౌరసత్వాన్ని రద్దు చేసే వీలు అక్కడి చట్టంలో ఉంది. అమెరికాలో బంధువుల పిల్లలు ఉన్నవారు ఈ ఒక్క విషయమైనా వారి చెవిన వేయండి.

వియత్నాం నేర్పిన పాఠం

1970 ప్రాంతంలో వియత్నాంలోని అమెరికా సైనికులకు హెరాయిన్ చవకగా, దాదాపు కల్తీ లేకుండా దొరికేది. సూదితో ఎక్కించుకోనక్కర లేదు, సిగరెట్టు పొగాకులో కలిపి పీల్చినా సరిపోయేది. 1971 జూన్‌లో అధ్యక్షుడు నిక్సన్ మత్తుమందుల దుర్వినియోగాన్ని దేశానికి మొదటి నంబరు శత్రువుగా ప్రకటించారు. డాక్టర్ జెరోమ్ జాఫీ అనే మానసిక వైద్యుణ్ణి ఆ పనికి అధిపతిగా నియమించారు. ఇంటికి వెళ్లే విమానం ఎక్కబోయే ప్రతి సైనికుడూ ముందు మూత్ర పరీక్ష చేయించుకోవాలన్నారు. పాజిటివ్ వస్తే అక్కడే ఆపి, మందు ప్రభావం దిగేదాకా ఉంచి, తర్వాత పంపేవారు.

ఆ ఏడాది సెప్టెంబరులో తిరిగొచ్చిన సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తన బృందంతో వెతికి పట్టుకుని మాట్లాడారు. దాదాపు సగం మంది వియత్నాంలో హెరాయినో, నల్లమందో రుచి చూశారు. సుమారు 20 శాతం మంది తాము బానిసలమయ్యామని ఒప్పుకున్నారు. వీళ్లంతా అమెరికా వీధుల్లో మత్తులో పడి ఉంటారని దేశం భయపడింది. తీరా చూస్తే, అక్కడ బానిసలైనవారిలో ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవారు 5 శాతం దగ్గర మాత్రమే. ఈ ఫలితాన్ని మొదట్లో చాలామంది నమ్మలేదు. పరిసరాలు మారితే, భయం పోతే, మందు చేతికి అందకపోతే చాలామంది మానగలరని అది చూపించింది. మన దగ్గర చికిత్స పొంది పాత స్నేహితుల మధ్యకే తిరిగి వెళ్లినవారు ఎందుకు జారిపోతున్నారో దీన్ని తిప్పి చదివితే అర్థమవుతుంది.

1971 ఆగస్టులో రక్షణమంత్రి మెల్విన్ లెయిర్డ్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. కేవలం సొంతానికి మత్తుమందు వాడినందుకో, దగ్గర ఉంచుకున్నందుకో చెడ్డ డిశ్చార్జి పొందినవారు దాన్ని తిరిగి పరిశీలించమని అడగవచ్చన్నారు. మత్తుమందు డిశ్చార్జి మార్పు అన్న ఆలోచనకు అదొక పెద్ద మలుపు. 1977లో అధ్యక్షుడు కార్టర్ వియత్నాం కాలంనాటి డిశ్చార్జిల పరిశీలనకు ప్రత్యేక కార్యక్రమం పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో పార్లమెంటు ఇంకో చట్టం చేసి, అలా మార్పు పొందినవారికి సౌకర్యాలు వెంటనే రాకుండా మరో పరిశీలన పెట్టింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పట్టుకోవడమంటే ఇదే.

ఆ తర్వాత గాలి ఇంకా బిగుసుకుంది. 1981 మే 26న నిమిట్జ్ అనే విమానవాహక నౌక మీద విమానం కూలి 14 మంది చనిపోయారు. చనిపోయిన సిబ్బందిలో కొందరి శరీరాల్లో గంజాయి ఆనవాళ్లు కనిపించాయి. పైలట్ శరీరంలో జలుబు మందు మోతాదు మించి ఉందని కూడా బయటపడింది గాని, దేశం గుర్తుపెట్టుకున్నది గంజాయినే. ఆ ఏడాది చివర్లో, మూత్ర పరీక్ష ఫలితం ఆధారంగా సైన్యం నుంచి పంపేసే వీలు కల్పించారు. ఇక ఒక్కసారి దొరికినా ఉద్యోగం పోయినట్టే అన్న పరిస్థితి వచ్చింది. క్రమశిక్షణ పెరిగిందనే చెప్పాలి, సైన్యంలో వాడకం బాగా తగ్గింది. ఆయుధం చేతిలో ఉన్న మనిషి మత్తులో ఉండకూడదన్న మాటనూ ఎవరూ కాదనరు. ఎందుకు వాడాడు అని అడిగే నాథుడు మాత్రం లేకుండాపోయాడు.

తప్పే లక్షణం కూడా కావచ్చు

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఇరాక్‌లో రోడ్డు పక్కన బాంబు పేలి ఒక సైనికుడి తలకు దెబ్బ తగిలింది. పైకి గాయం లేదు. మూడేళ్లపాటు మంచి పేరు తెచ్చుకున్నవాడే. ఊరికి వచ్చాక నిద్ర పట్టదు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు. భార్యతో మాట్లాడడు. డ్యూటీకి ఆలస్యంగా వెళ్తున్నాడు. ఎవరో ఇచ్చిన గంజాయి తాగితే ఆ రాత్రి నిద్ర పట్టింది. నెల తిరక్కుండా పరీక్షలో దొరికిపోయాడు. పై అధికారి కంటికి ఇది దుష్ప్రవర్తన. ఇదే కథ మన ఓపీలో భార్య చెబితే డాక్టరు పీటీఎస్‌డీ అని రాస్తారు, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మనసును వదలని ఒత్తిడి జబ్బు. 

ఈ జబ్బుకు వైద్యశాస్త్రం ఆ పేరు పెట్టి అధికారిక జాబితాలో చేర్చింది 1980లో. అంతకుముందు డిశ్చార్జి అయిన వియత్నాం సైనికుల కాగితాల్లో ఆ మాట ఉండే అవకాశమే లేదు. పేరు లేని జబ్బుకు సర్టిఫికెట్ ఎవరిస్తారు?

పేరు వచ్చాక కూడా పరిస్థితి వెంటనే మారలేదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2017 మేలో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2011 నుంచి 2015 వరకు దుష్ప్రవర్తన పేరుతో పంపేసినవారు 91,764 మంది. వారిలో 62 శాతం మందికి, బయటికి రాకముందు రెండేళ్లలో పీటీఎస్‌డీయో, మెదడుకు దెబ్బో, లేదా దుష్ప్రవర్తనతో సంబంధం ఉండగల మరో జబ్బో ఉందని డాక్టర్లు అప్పటికే రాశారు. వీటిలో మద్యం, మత్తుమందుల వ్యసనం, కుంగుబాటు వంటివి కూడా ఉన్నాయి. కేవలం పీటీఎస్‌డీ, మెదడు దెబ్బ ఉన్నవారే 16 శాతం. అంటే జబ్బు సంగతి సైన్యం సొంత ఆసుపత్రి రికార్డులోనే ఉంది. ఆ ఫైలు ఒక బీరువాలో, శిక్ష ఫైలు ఇంకో బీరువాలో ఉండిపోయాయి.

2014లో కొందరు వియత్నాం మాజీ సైనికులు యేల్ న్యాయ కళాశాల విద్యార్థుల సాయంతో కోర్టుకు వెళ్లారు. అదే ఏడాది సెప్టెంబరు 3న రక్షణమంత్రి చక్ హేగెల్ కొత్త ఆదేశం ఇచ్చారు. పీటీఎస్‌డీ ఉన్నట్టు కనిపించే దరఖాస్తులను ఉదారంగా పరిశీలించాలన్నారు. 2017 ఆగస్టు 25న కర్టా అనే అధికారి జారీచేసిన ఉత్తర్వు దీన్ని ఇంకా వివరించింది. మెదడుకు తగిలిన దెబ్బ, ఇతర మానసిక జబ్బులు, లైంగిక దాడి అనుభవం కూడా ఇందులోకి వస్తాయని చెప్పింది. బోర్డు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలంది. ఆ మనిషికి తప్పును తగ్గించి చూడదగ్గ జబ్బు గాని అనుభవం గాని ఉందా? అది ఉద్యోగంలో ఉన్నప్పుడే ఉందా? నిజంగా ఆ తప్పుకు అది కారణమైందా? ఆ తప్పు కన్నా ఈ కారణం బరువైనదా?

ఆ ఉత్తర్వులో మన దృష్టికి ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. జబ్బు ఉందనడానికి ఏవి సాక్ష్యాలుగా పనికొస్తాయో చెబుతూ, పనిలో వెనకబడటం, నడవడిలో మార్పు, దిగులుతోపాటు మత్తుపదార్థాల వాడకాన్ని కూడా ఆ వరుసలో చేర్చారు. ఏ తప్పుకు పంపేశారో ఆ తప్పే జబ్బు లక్షణంగా నిలబడవచ్చన్నమాట. వైద్యులు ఎన్నాళ్లుగానో చెబుతున్నది చివరికి సైన్యం కాగితం మీదికి వచ్చింది.

2018 జూలై 25 నాటి మరో ఉత్తర్వు, ఆనరబుల్ డిశ్చార్జికి మచ్చలేని సేవ అవసరం లేదని, హింస లేని తప్పుల విషయంలో కనికరం చూపడం ఎక్కువ సబబని చెప్పింది. అయితే దీనికి హద్దు ఉంది. ముందుగా ఆలోచించి చేసిన తప్పును మానసిక జబ్బు సాధారణంగా మాఫీ చేయదు. నిద్రపట్టక తాను వాడుకున్నవాడిని, తోటివారికి అమ్మినవాడిని బోర్డు ఒకే కంటితో చూడదు. అది న్యాయమే.

దరఖాస్తు ఎవరికి పెట్టాలి?

డిశ్చార్జి అయి 15 ఏళ్లు దాటకపోతే డీడీ ఫారం 293 నింపి డిశ్చార్జి రివ్యూ బోర్డుకు పంపాలి. ఈ బోర్డు ముందు తన మాట తానే చెప్పుకునే అవకాశం ఉంటుంది, అడిగితే దాన్ని వదులుకోకూడదు. యుద్ధ ప్రాంతంలో పనిచేసి పీటీఎస్‌డీ గాని మెదడు దెబ్బ గాని ఉన్నట్టు తేలినవారి కేసులో, బోర్డులో మానసిక వైద్యుడో, సైకాలజిస్టో, ఆ విషయాల్లో శిక్షణ ఉన్న డాక్టరో ఉండాలని చట్టమే చెబుతోంది. 15 ఏళ్లు దాటినా, జనరల్ కోర్టు మార్షల్ ఇచ్చిన డిశ్చార్జి అయినా డీడీ ఫారం 149తో రికార్డుల సవరణ బోర్డుకు వెళ్లాలి. దానికి మూడేళ్ల గడువు ఉంది గాని, న్యాయం కోసం గడువును పక్కనపెట్టే అధికారం ఆ బోర్డుకు ఉంది. వియత్నాం కాలం వారు ఈ దారినే వెళ్తున్నారు. రెండింటికీ దరఖాస్తు రుసుము లేదు.

ఆరు నెలలు గడిస్తే డిశ్చార్జి దానంతట అదే మారిపోతుందని సైనికుల్లో ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. అది వట్టి మాట. అడగందే ఏదీ మారదు. అడిగినా నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది.

దరఖాస్తుకు ముందు పాత ఫైలు మొత్తం తెప్పించుకోవాలి. సెయింట్ లూయీ నగరంలోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో అవి ఉంటాయి. 1973 జూలైలో అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగి కోటిన్నరకు పైగా ఫైళ్లు కాలిపోయాయి. అవి ఎక్కువగా 1960, 1964 సంవత్సరాలకు ముందు వదిలినవారివి కాబట్టి తర్వాతివారు కంగారుపడనక్కరలేదు. ఫైలుతోపాటు సైనిక ఆసుపత్రి రికార్డును కూడా విడిగా అడగాలి. ముందే చెప్పినట్టు రెండూ రెండు బీరువాల్లో ఉంటాయి.

ఫైలులో ఒక విషయం ప్రత్యేకంగా వెతకాలి. ఆర్మీలో ఒక నియమం ఉంది. సైనికుడు ఎవరూ పట్టుకోకముందే తనంతట తానుగా వచ్చి, నాకు మత్తుమందు అలవాటుంది, చికిత్స చేయండి అని అడిగితే, అతను చెప్పిన ఆ మాటను అతని డిశ్చార్జిని దిగజార్చడానికి వాడకూడదు. పంపేసే కాగితాల్లో అధికారులు ఆ సమాచారాన్ని చేర్చి ఉంటే ఆనరబుల్ తప్ప మరొకటి ఇవ్వకూడదు. తొందరలో కమాండరు చికిత్స కేంద్రం కాగితాన్ని కూడా ఫైలుకు జత చేసిన సందర్భాలు ఉంటాయి. అలాంటిది కనిపిస్తే అది కనికరం కోరే విషయం కాదు, పొరపాటును సరిచేయమని గట్టిగా అడగదగ్గ విషయం. చికిత్స కోసం నోరు విప్పినవాడికి ఆ మాటే శిక్ష కాకూడదన్నది ఈ నియమం ఉద్దేశం. మన డీ-అడిక్షన్ వార్డులో రోగి చెప్పిన సంగతులు బయటకు పొక్కనివ్వం అని హామీ ఇవ్వడం కూడా ఇందుకే.

డాక్టరు ఉత్తరం

అక్కడ పనిచేసే మన డాక్టర్లు, సైకాలజిస్టులు ఈ భాగాన్ని కొంచెం జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాం. ఇలాంటి దరఖాస్తులకు జతచేసే ఉత్తరాలు తరచు “ఇతను మంచివాడు, ఇప్పుడు మారాడు, దయచూపండి” అన్నట్టు ఉంటాయి. ఆ మాట పాస్టరుగారో, యజమానో, ఇరుగుపొరుగువారో రాస్తే బాగుంటుంది. డాక్టరు రాయవలసింది వేరు. జబ్బు పేరు ఏమిటి, దేని ఆధారంగా నిర్ధారించారు అన్నది మొదట ఉండాలి. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి అన్నది దానికన్నా ముఖ్యం. సైన్యంలో చేరకముందు లేనివి, ఫలానా సంఘటన తర్వాత కనిపించినవి అని చెప్పగలిగితే రెండో ప్రశ్నకు జవాబు దొరికినట్టే. ఆ తర్వాత అసలు ముడి: ఆ లక్షణాలకు, ఆ మత్తుమందు వాడకానికి సంబంధం ఏమిటి? నిద్ర కోసమా, నొప్పి కోసమా, పీడకలలు ఆపుకోవడానికా? ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే బలహీనంగా ఉంటాయి. జబ్బు ఉంది, తప్పూ ఉంది, రెండింటినీ కలిపే వాక్యం మాత్రం ఉండదు. ఆ వాక్యం రోగి రాసుకుంటే ఒక బరువు, వైద్యుడు కారణంతో రాస్తే ఇంకో బరువు.

రోగ నిర్ధారణ అప్పుడే జరిగి ఉండాలన్న నిబంధన లేదు. ఇప్పుడు పరీక్షించి, అప్పటి లక్షణాలను బట్టి చెప్పినా చెల్లుతుంది. భార్యో, తల్లో, తోటి సైనికుడో “వెళ్లేటప్పుడు ఇలా ఉండేవాడు, వచ్చాక ఇలా అయ్యాడు” అని రాసిన ఉత్తరం కూడా సాక్ష్యమే. దరఖాస్తుదారు సొంత వాంగ్మూలాన్నీ తోసేయకూడదని ఆ ఉత్తర్వులే చెబుతున్నాయి. తెలుగు తల్లి తెలుగులోనే రాసి, ఇంగ్లీషు అనువాదం జతచేయడం మంచిది. కొడుకు గురించి తల్లి తన భాషలో చెప్పే వివరాలు ఇంగ్లీషులో నేరుగా రాయబోతే సగం జారిపోతాయి.

చికిత్స సర్టిఫికెట్లు, క్రమంగా చేయించుకున్న పరీక్షల రిపోర్టులు, ఉద్యోగం, చదువు వివరాలు కూడా పెట్టాలి. మధ్యలో ఒకసారి జారిపడి మళ్లీ లేచినవారు దాన్ని దాచకుండా చెప్పుకోవడమే మేలు. వ్యసనం నుంచి కోలుకునే దారిలో అది సాధారణమని వైద్యులకు తెలుసు. దాచిన సంగతి బోర్డుకు రికార్డులో కనిపిస్తే మిగతా మాటలన్నింటి మీదా అనుమానం వస్తుంది.

ఈలోగా వైద్యం మాటేమిటి?

బోర్డు తేల్చేదాకా ఊరికే కూర్చోనక్కరలేదు. అదర్ దేన్ ఆనరబుల్ ఉన్నా మాజీ సైనికుల శాఖకు దరఖాస్తు ఇవ్వవచ్చు. కౌంటరులో నోటి మాటగా కాదంటే, దరఖాస్తు తీసుకుని నిర్ణయాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని అడగాలి. 2024 జూన్ 25 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం, దీర్ఘకాల దుష్ప్రవర్తన అని ముద్రపడినవారి విషయంలో కూడా మానసిక జబ్బు, యుద్ధంలో పడిన కష్టం, కుటుంబ బాధ్యతల వంటి బలమైన కారణాలను చూడాలి. 2018 మార్చిలో వచ్చిన చట్టం వల్ల, ఇలాంటి డిశ్చార్జి ఉన్నవారిలో యుద్ధ ప్రాంతంలో పనిచేసినవారికి, సేవలో లైంగిక దాడికి గురైనవారికి మానసిక వైద్యం అందుతుంది. 2023 జనవరి 17 నుంచి, చనిపోవాలన్న ఆలోచనతో ప్రాణాపాయ స్థితిలో వచ్చిన అర్హులైన మాజీ సైనికులకు ఆసుపత్రిలో 30 రోజుల వరకు, బయట 90 రోజుల వరకు ఉచితంగా వైద్యం చేస్తున్నారు. అంతకుముందు ఆ శాఖలో పేరు నమోదై ఉండనక్కర లేదు.

మొదటి బోర్డు కాదంటే రికార్డుల సవరణ బోర్డుకు వెళ్లవచ్చు. 2019 డిసెంబరు 20న గాని ఆ తర్వాత గాని బయటికి వచ్చినవారికి, ఆ రెండూ అయిపోయాక చివరి అప్పీలు బోర్డు ఒకటి ఉంది, ఏడాదిలోగా వెళ్లాలి. ఫెడరల్ కోర్టు తలుపు కూడా తెరిచే ఉంది. దరఖాస్తు ఒప్పుకుంటే కొత్త డీడీ 214 ఇస్తారు. అది రాగానే పాత అర్జీలన్నీ వాటంతట అవే కదలవు. కొత్త కాగితం పట్టుకుని వైద్యానికి ఒక ఫారం, భత్యానికి ఒక ఫారం మళ్లీ నింపాలి.

రాత్రివేళ మనసు అదుపు తప్పుతున్నట్టు అనిపిస్తే, అమెరికాలో ఉన్న మాజీ సైనికులు గాని, వారి ఇంట్లోవారు గాని 988 నంబరుకు ఫోన్ చేసి 1 నొక్కాలి. ఎప్పుడు చేసినా మనిషి పలుకుతారు. డిశ్చార్జి ఏ రకమైనా మాట్లాడతారు.